ఊపిరికై పైకి వచ్చు మీను

కోఠి నుండి బేగంబజారు చేపల మార్కెట్టునకు నడచి పోయినవాడు, మంచుగడ్డలపై పరచిన బొచ్చెలను, రోహులను దాటగానే, తొట్టిలో నల్లగా, పాముతలలతో ఒకదానిపై నొకటి పొరలుచున్న కొర్రమీనులను చూచి, జానెడు నీటిలో నివి యెట్లు బ్రతికియున్నవని విస్మయ మొందక మానడు.

దీనికి సమాధానము మన చెరువులలో దొరకును. శీతలదేశములందు వసంతారంభమున మంచు కరగి, చలికి మందగించిన చేపలు ఆకలిగొని ఎరకు వచ్చును. మనకో, ఫాల్గుణ చైత్రములలో చెరువులు ఒడ్డులు వదలి నడుమకు ముడుచుకొనును. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ఆమ్లజనియు తగ్గును. 15 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీరు గాలినుండి సుమారు 10 మిల్లీగ్రాములు గ్రహింపగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించి గ్రహింపజాలదు. ఇతర మత్స్యములు సొమ్మసిల్లు ఆ బురదనీటిలో కొర్రమీను నిలుచును. ఏలయన, మొప్పలకు పైన, తలలోనే, రక్తనాళములు నిండిన మడతలు గల గదులు దానికి కలవు. నీటిపైకి వచ్చి, నోటితో గాలిని గ్రుక్కెడు గ్రోలి, వానిని నింపుకొని మరల మునుగును. పైకి రానీయక నీటిలోనే అడ్డగించినచో, చేప నీట మునిగి చచ్చెననెడి వింతమాట అక్షరాల నిజమగును.

ఈ వరమే దాని గుట్టు బయటపెట్టును. అనుభవశాలియైన గంగపుత్రుడు గట్టుపై కదలక కూర్చుండి, నాచు నడుమ నీరు చివుక్కున విచ్చుకొన్న తావును గుర్తించి, గాలమునకు చిన్నకప్పను గ్రుచ్చి మెల్లగా ఆ తావు మీదుగా లాగును. మోకాలిలోతు నీరైనచో అడుగులేని బుట్టయగు ఊతను చప్పున దించి, పై కంతలో చేయి దూర్చి పట్టుకొనును. నా మట్టుకు ఊత వేయువాని చూపే మిన్న: సుడి కనబడిన చోటనే చేప యింకను నుండునని నమ్మినవానికి దక్కునది బురద.

1793లో బ్లాఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించిన యీ జాతిని 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రమత్స్యముగా ప్రకటించెను. మృగశిర ప్రవేశమునాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున ఉబ్బసరోగులు మందుతో మ్రింగునది కొర్రమీను పిల్లనే. ఆ చికిత్సకు శాస్త్రపరీక్షల బలము లేదు. అయినను, ఊపిరి అందనివారు ఊపిరికై పైకి వచ్చు చేపనే ఆశ్రయించుట చిత్రమే.

వానకాలమున నిది కలుపు తొలగించిన తావున గ్రుడ్లు పెట్టి కావలి కాయును. ఎర్రని పిల్లల గుంపు తేలుచున్నచో దాని క్రిందనే పెద్దచేప యుండును. దగ్గరకు వచ్చినదాని నెల్ల కరచును గనుక అప్పుడు గాలమునకు సులభముగా చిక్కును. పాఠకులలో గాలపు సరదా గలవారుందురు. పెద్దచేప పోయినచో పిల్లలకు కావలి యుండదు గనుక, ఆ ఎర్రని గుంపు కనబడిననాడు గాలము చుట్టుకొని యింటికి మరలుడు.