నక్కకు నోటి టీకా: గోదావరి లంకలకు అన్వయం

రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషిని గాని, పశువును గాని బతికించడం దాదాపు అసాధ్యం. అందువల్ల ఈ వ్యాధి నియంత్రణ నివారణ మీదనే ఆధారపడి ఉంది. పెంపుడు కుక్కను పట్టుకొని సూదిమందు వేయవచ్చు. అడవి జంతువు విషయంలో అది సాధ్యం కాదు. ఈ చిక్కుకు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 1978లో మార్గం చూపారు. కోడి తలలలో టీకా మందు అమర్చి, రోన్ నది లోయలో ఎర్రనక్కలు తిరిగే చోట్ల వేశారు. లోయ వెంబడి వ్యాధి పాకడం ఆగింది. తరువాతి కాలంలో కర్మాగారాలలో తయారైన ఎరలను విమానాల నుండి వెదజల్లి, పశ్చిమ ఐరోపా దేశాలు నక్కల రేబిస్‌ను అదుపులోకి తెచ్చాయి.

ఎర లోపలి పొట్లంలో ద్రవరూప టీకా ఉంటుంది. జంతువు కొరికినప్పుడు పొట్లం చిట్లి, మందు నోటిపొరకు, టాన్సిళ్లకు తగలాలి. నమలకుండా మింగితే మందు కడుపులో నిర్వీర్యమవుతుంది. కనుక ఎర పరిమాణం, గట్టిదనం, వాసన ఆ జంతువుకు తగినట్లుగా ఉండాలి.

రాజమహేంద్రవరం దిగువన లంకలలోని చెరకు, మొక్కజొన్న చేలు నక్కలకు మరుగునిస్తాయి. మన నక్క, ఐరోపా ఎర్రనక్క ఒకే జాతి కావు. అయితే మన నక్క జాతికి ఇజ్రాయెల్‌లో ఎరల ద్వారా టీకా వేస్తున్నారు. కాబట్టి పద్ధతి అసాధ్యం కాదు, పరిస్థితులే భిన్నం. వేసవి ఎండకు సజీవ టీకా శక్తి తగ్గుతుంది. కోరింగ మడ అడవులలో ఆటుపోట్లు ఎరలను కొట్టుకుపోగలవు. నక్క కంటే ముందే కాకులు, పందులు, ఊరకుక్కలు వాటిని తినివేయగలవు. శీతకాలపు సాయంవేళ ఎరలు వేయడం, ముందుగా మందులేని ఎరలతో పరీక్షించడం ఈ కారణాలచేత అవసరం.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. భారతదేశంలో మనుషుల రేబిస్ మరణాలకు ప్రధాన మూలం కుక్క. అందుకే 2030 నాటికి కుక్కల ద్వారా సంక్రమించే రేబిస్‌ను నిర్మూలించాలని 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక రూపొందింది. కనీసం 70 శాతం కుక్కలకు టీకా అందకుండా నక్కలకు ఎరలు వేస్తే, వ్యాధి ఊరి నుండి చేనికి తిరిగి వస్తూనే ఉంటుంది. ఆరుబయట పడవేసిన కోళ్ల వ్యర్థాలు కుక్కను, నక్కను ఒకేచోట చేర్చుతాయి. వాటిని లోతుగా పూడ్చడం ఖర్చులేని నివారణ.

లంకలలో పశువుల పాకల వద్ద నిద్రించే రైతుకు విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా చెప్పవలసింది ఇది: కుక్క గాని, నక్క గాని కరిస్తే గాయాన్ని సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పశువును కరిస్తే అలాగే కడిగి, వెంటనే పశువైద్యుని పిలిపించాలి.