అది గుడ్డ సంచి కాదండీ!



బట్టల షాపులో ఇచ్చే మెత్తని రంగుల సంచిని గుడ్డ సంచే అనుకుంటాం. దగ్గరగా చూడండి, పడుగూ పేకా కనిపించవు. చాలావరకు అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. ఎండకు పొడిపొడిగా రాలి మట్టిలో చేరుతుంది గానీ మట్టి కాదు.

2022 డిసెంబర్ 31 నుంచి మన దేశంలో 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. మందం పెంచింది మళ్లీ మళ్లీ వాడతారనే. ఒక్కసారికే పారేస్తే పలుచని కవరు కన్నా ఎక్కువ ప్లాస్టిక్ చెత్తలో పడుతుంది!

మన తలుపుల వెనక ఇప్పటికే ఇలాంటివి డజను వేలాడుతుంటాయి (మా ఇంట్లోనూ అంతే). వాటిలో రెండు బండి డిక్కీలో పెట్టుకోండి. బిల్లు కౌంటర్ దగ్గర “బ్యాగ్ వద్దండి” అనే మాట మాత్రం పిల్లల చేత చెప్పించండి.