పాఠం చెప్పే వారికీ పాఠం కావాలి!

ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాలంటే ఉపాధ్యాయ శిక్షణ పొంది ఉండాలి. డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పడానికి మాత్రం అలాంటి నిబంధన లేదు. పి.జి. మంచి మార్కులతో ప్యాసై, నెట్ లేదా సెట్ గట్టెక్కితే చాలు. నిన్నటి దాకా బెంచీపై కూర్చున్న వ్యక్తి ఇవాళ నల్లబల్ల ముందు నిలబడతాడు. వెనక వరుసలో కునుకు తీసేవాడిని పాఠంలోకి లాగడం ఎలాగో ఆయనకు చెప్పినవారుండరు.

ఈ లోటును 1986 జాతీయ విద్యా విధానం గుర్తించింది. మరుసటి ఏడాదే యు.జి.సి. అకడమిక్ స్టాఫ్ కాలేజీల పథకానికి శ్రీకారం చుట్టింది. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో ఇవి వెలిశాయి. 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా, 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా పేరు మారాయి. బోర్డులు మారినా పని ఒక్కటే.

మెట్టుకో కోర్సు

యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి ప్రమోషన్‌కు 21 రోజుల ఓరియంటేషన్‌తో పాటు రిఫ్రెషర్ వంటి మరో కోర్సు పూర్తి చేయాలి. పిహెచ్.డి. ఉంటే నాలుగేళ్లకు, లేకుంటే ఎం.ఫిల్. వారికి అయిదేళ్లకు, మిగిలిన వారికి ఆరేళ్లకు ఆ అర్హత వస్తుంది. తర్వాతి మెట్టుకు అయిదేళ్ల సర్వీసు, కనీసం రెండేసి వారాల కోర్సులు రెండు కావాలి. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే మరో మూడేళ్లు, ఇంకో కోర్సు తప్పవు.

చిక్కు ఎక్కడ?

కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ చిన్న పట్టణాల కళాశాలల్లో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కరే ఉంటారు. ఆయన మూడు వారాలు వెళితే ఆ సబ్జెక్టు క్లాసులు మూతపడినట్లే. అందుకే ప్రిన్సిపాల్ పంపడానికి వెనకాడతారు. కోర్సు వాయిదా పడితే ప్రమోషనూ వాయిదాయే. కోవిడ్ కాలం నుంచి ఆన్‌లైన్ కోర్సులు విరివిగా రావడం కొంత ఊరట. అయితే ఇంట్లో ఫోను ముందు కూర్చుని సర్టిఫికెట్ సంపాదించడం వేరు, పదిమంది తోటి అధ్యాపకుల ఎదుట పాఠం చెప్పి తప్పులు దిద్దుకోవడం వేరు.

ఇక కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల సంగతి మరీ ఘోరం. ప్రమోషన్ అనే మాటే లేనివారు సెలవు పెట్టి, జీతం వదులుకుని శిక్షణకు ఎందుకు వెళతారు? వారి వద్ద చదివే పిల్లలు కూడా పిల్లలే కదా!

నెరిసిన తలలకూ అవసరమే

పాతికేళ్లు పాఠం చెప్పిన వారు ఒక రోజు ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుంటారు. అప్పటి నుంచి ఆడిట్ అభ్యంతరాలు, న్యాక్ నివేదికలు, అడ్మిషన్ల గొడవలే. వాటిలోనూ ముందుగా శిక్షణ ఉండాలి.

అన్నిటికీ విశ్వవిద్యాలయం దాకా వెళ్లనక్కరలేదు. ఇరుగుపొరుగు కళాశాలలు కలిసి నెలకో పూట సమావేశం కావచ్చు. అనుభవజ్ఞులు కొత్తవారి క్లాసులో వెనక బెంచీపై కూర్చుని, తర్వాత స్టాఫ్ రూములో చెవిలో నాలుగు మాటలు చెప్పవచ్చు. దీనికి నిధులు అక్కరలేదు, మనసుంటే చాలు. శిక్షణకు వెళ్లిన వారి స్థానంలో తాత్కాలికంగా మరొకరిని నియమించే బాధ్యత మాత్రం అధికారులదే.