విమానం దిగాక మిగిలే రెండు వందల కిలోమీటర్లు

మన సంఘం సంచికకు రోడ్డు భద్రత మీద ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగారు. దుబాయిలో ఒక రవాణా కంపెనీ సేఫ్టీ విభాగంలో నా ఉద్యోగం. ఏ డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, ఎక్కడ బ్రేకు గట్టిగా తొక్కాడు అని రోజూ చూసే పని. ఇక్కడి రూల్స్ మనవాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. బెల్టు పెట్టుకోకపోతే 400 దిర్హాములు, 4 బ్లాక్ పాయింట్లు. ఫోను చేత పట్టుకుంటే 800, ఇంకో 4 పాయింట్లు. 24 నిండితే లైసెన్సు పోయినట్టే. భయంతో మొదలైనా అది ఇప్పుడు మన అలవాటైంది. కరీంనగర్ జిల్లా డ్రైవరంటే ఇక్కడ మంచి పేరు. జమ్మికుంట, హుజూరాబాద్ పిల్లలు ట్రెయిలర్లు నడుపుతుంటే చూసి నేను ఎన్నోసార్లు గర్వపడ్డాను.

అదే మనిషి సెలవు మీద ఇంటికి పోతాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగగానే బెల్టు, వేగం, నిద్ర అన్నీ మరుస్తాడు. నేను చెప్పదలచింది ఆ ఒక్క ప్రయాణం గురించే.

గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు చాలామటుకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో దిగుతాయి. బయట కారు సిద్ధంగా ఉంటుంది. పెట్టెలు పైన కట్టి, వెనక సీట్లో ఇరుక్కొని కూర్చొని, "పొద్దుటి చాయ్ ఇంట్లనే" అంటూ బయలుదేరతాం. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఘట్‌కేసర్, అక్కణ్నుంచి భువనగిరి, ఆలేరు, జనగామ, కాజీపేట, హన్మకొండ, ఎల్కతుర్తి, హుజూరాబాద్, ఆ తర్వాత మన జమ్మికుంట. దాదాపు 200 కిలోమీటర్లు.

కారు నడిపేది ఎవరు? తమ్ముడో, బావమరిదో, వాడకట్టు పిల్లగాడో. పొద్దున ఆరింటికి లేచి పగలంతా తన పని చేసుకొని, సాయంత్రం బయలుదేరి, పార్కింగులో మన కోసం కాచుకొని ఉంటాడు. మనం బయటికొచ్చేసరికి అతను లేచి ఇరవై గంటలు. పదిహేడు గంటలు నిద్ర లేని మనిషి చూపు, చేతులు ఎంత మందగిస్తాయో శాస్త్రవేత్తలు ఎప్పుడో కొలిచారు. రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానం. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. అంటే జీవితంలో చుక్క ముట్టని పిల్లగాడు కూడా ఆ రాత్రి హద్దు దాటినవాడే. పోలీసులు ఊదించే మిషన్‌లో మాత్రం ఇది దొరకదు.

దీనికి తోడు తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్రకే గుంజుతుంది. 80 మీద పోయే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు రెప్ప పడితే 66 మీటర్లు ఎవరూ నడపకుండానే గడిచిపోతాయి. ఆ తర్వాత డ్రైవరును అడిగితే "నేను పడుకోలేదన్నా" అంటాడు. అబద్ధమాడడు. తనకు కునుకు పట్టిన సంగతి తనకే తెలియదు.

సరే, నిద్ర రాలేదనే అనుకుందాం. ఎదుటి బండి కోసం డిమ్ కొట్టినప్పుడు మన లైటులో వస్తువు తేటగా కనబడేది 40, 50 మీటర్ల దాకానే. 80 మీద పోతూ ప్రమాదం చూసి, కాలు బ్రేకు మీదికి పోయి, కారు నిలబడాలంటే 65 మీటర్లకు పైనే కావాలి. 60 మీద పోతే 45 మీటర్లు చాలు. రెడ్ లైటు లేని ట్రాలీ ముందర ఆగి ఉంటే, 80 మీద ఉన్నవాడు గుద్దడం ఖాయం. 60 మీద ఉన్నవాడికి బతికే అవకాశం ఉంది.

మన దిక్కు అలాంటి ట్రాలీలు ఎన్ని ఉంటాయో తెలిసిందే. ఉత్తర తెలంగాణలో జమ్మికుంట పత్తి మార్కెట్‌ది పెద్ద పేరు. సీజన్‌లో పొద్దుటి వేలానికి అందుకోవాలని రైతులు రాత్రికి రాత్రే పత్తి తోలుకొస్తారు. పత్తి బయటికి పొంగి వెనక లైట్లు, నంబరు ప్లేటు అన్నీ కప్పేస్తుంది. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తినా రాళ్లు అక్కడే ఉంటాయి. మానేరు ఇసుక లారీలు, కరీంనగర్ గ్రానైట్ లారీలు, వరికోత మిషన్లు సరేసరి. మధ్యలో మనమే స్టీరింగు పట్టినా, దుబాయిలో ఏడాదంతా నడిపిన మన కళ్లకు ఇవేవీ అలవాటు లేవు.

మా మేనత్త కొడుకు ఇట్లాగే పోయాడు. డిసెంబరు నెల. సెలవు అయిపోయి నేను తిరిగొస్తుంటే నన్ను శంషాబాద్‌లో దించి, ఒక్కడే వెనక్కి బయలుదేరాడు. జనగామ దాటాక ఆగి ఉన్న పత్తి ట్రాక్టరును వెనక నుంచి గుద్దాడు. నేను దుబాయిలో దిగి ఫోన్ ఆన్ చేసేసరికి కబురు వచ్చి ఉంది. తర్వాత ఆ కారు ఫోటోలు చూశాను. డ్రైవరు సీటు బెల్టు కొత్తదానిలా ఉంది. బీప్ మోగకుండా దాన్ని సీటు వెనక నుంచి తిప్పి క్లిప్పులో పెట్టారు. బెల్టు లేనప్పుడు ఎయిర్‌బ్యాగ్ కూడా కాపాడలేదు.

తీసుకురావడానికి వచ్చిన కారు గురించి కొంచెమైనా ఆలోచిస్తాం. దించి వెనక్కి పోయే కారును ఎవరూ పట్టించుకోరు. అందులో మాట్లాడించే మనిషి ఉండడు, ఇల్లు చేరాలన్న తొందర మాత్రం ఉంటుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను. రాత్రి దిగితే తెల్లారేదాకా ఆగండి. ఉప్పల్‌లోనో బోడుప్పల్‌లోనో మన బంధువు ఒకరు ఉండకపోరు. లేదా ఎయిర్‌పోర్టు దగ్గర గది తీసుకోండి, డ్రైవరుకూ మంచం ఇప్పించండి. మీరు తెచ్చే చాక్లెట్ల ఖర్చు కన్నా అది ఎక్కువేమీ కాదు. సామాను తక్కువైతే సికింద్రాబాద్ నుంచి రైలెక్కండి. కాజీపేట, బల్లార్షా లైను మీద మన జమ్మికుంటకు స్టేషనుంది. దించడానికి వచ్చినవాళ్లను కూడా పడుకొని పొద్దున పొమ్మనండి. 2021లో హుజూరాబాద్ మండలం శాలపల్లిలో మొదలైన దళిత బంధు పథకంతో మన పిల్లలు చాలామంది సొంత కార్లు కొనుక్కొని కిరాయికి నడుపుతున్నారు. వాళ్లతో బేరమాడేటప్పుడు రాత్రి నిద్రకూ కలిపి పైసలివ్వండి. తప్పనిసరై రాత్రే పోవాల్సి వస్తే ఇద్దరు డ్రైవర్లు ఉండాలి, 60 దాటొద్దు. చాయ్ పనిచేయడానికి అరగంట పడుతుంది. చాయ్ తాగి బండి పక్కకు పెట్టి ఇరవై నిమిషాలు పడుకుంటే రెండూ కలిసొస్తాయి.

వెనక సీట్లో బెల్టు మర్యాద తక్కువ పని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో బెల్టు పెట్టుకోనివాళ్లు 16,715 మంది, వాళ్లలో సగం మంది స్టీరింగు పట్టనివాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. మనం పంపిన పైసలతో కొడుకుకు బైకు కొంటే, హెల్మెట్ కూడా అదే రోజు కొనాలి. పద్దెనిమిది నిండకపోతే తాళమే ఇవ్వొద్దు. మైనరు నడిపితే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని చట్టం ఉంది.

కొత్త బండి కొంటే కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించడం మన ఆనవాయితీ. 2018 సెప్టెంబరు 11న ఆ కొండగట్టు ఘాట్ రోడ్డు మీదే జగిత్యాల డిపో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. పట్టేవాళ్లకు దాదాపు రెట్టింపు జనం అందులో ఉన్నారు. దేవుడి సన్నిధిలోనైనా బరువు బరువే, వాలు వాలే. దసరా నాడు బండికి బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం కదా. ఆ పళ్లెంలో హెల్మెట్ కూడా పెడదాం. జమ్మి ఆకు ఇచ్చి పెద్దల కాళ్లు మొక్కేటప్పుడు వాళ్లతో "బెల్టు పెట్టుకో బిడ్డా" అని ఒక మాట అనిపిద్దాం. మనం పిల్లలకు ఇచ్చే సంస్కారంలో ఇదీ భాగమే.

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్ నుంచే మొదలైంది. దెబ్బ తగిలినవాడిని కాపాడే దారి చూపిన తెలుగువాళ్లం, దెబ్బ తగలకుండా చూడలేమా? సంఘం తరఫున నాదొక ప్రతిపాదన. వచ్చే పత్తి సీజన్‌కు ముందే మార్కెట్ యార్డుకు వచ్చే ప్రతి ట్రాలీకి వెనక రేడియం స్టిక్కర్లు మన ఖర్చుతో అంటిద్దాం. పత్తి కప్పేయకుండా డబ్బా కింది అంచుకు, రెండు మూలలకూ అంటించాలి. ఒక్కో ట్రాలీకి అయ్యే ఖర్చు మన ఒక పూట బిర్యానీ అంత. దీనికి ముందుకొచ్చేవాళ్లు కమిటీకి పేరివ్వండి. ఈసారి ఇంటికి పోయేవాళ్లు మాత్రం టికెట్ కొన్న రోజే డ్రైవరుకు ఫోన్ చేసి చెప్పండి: తెల్లారినాకనే బయలుదేరుదామని.