నలుగురి ముందు మాట్లాడేది ఎట్లా?

తొమ్మిదో తరగతి వాళ్లందరూ సైన్సులో ఒక విషయం తీసుకుని 5 నిమిషాలు నిలబడి మాట్లాడాలని మేడమ్ చెప్పినప్పటి నుంచి మన హాస్టల్లో ఒకటే గోల. ఇద్దరికి జ్వరం కూడా వచ్చిందంట. అందుకే ఈ నెల గోడపత్రికలో దీని గురించే రాస్తున్నాను.

మా గూడెం నుంచి యూనివర్సిటీకి పోయిన అక్క ఒకామె ఉంది. సెలవులకి వచ్చినప్పుడు అడిగాను. అక్కడ దీన్ని సెమినార్ అంటారంట. ఒక్కొక్కరు పది పదిహేను నిమిషాలు క్లాసు ముందు చెప్పాలి. తర్వాత సారు, తోటివాళ్లు ప్రశ్నలు వేస్తారు. దానికి మార్కులుంటాయి. పరీక్షలో పేజీలు పేజీలు రాసేవాళ్లు కూడా అక్కడ నోరు తెరవడానికి భయపడతారని అక్క చెప్పింది. పై చదువులకి పోవాలంటే ఇది తప్పదన్నమాట.

మార్కుల సంగతి పక్కన పెడదాం. మేము చెంచులం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవిలో సాగు చేసుకునే భూమికి హక్కు కావాలని అర్జీ పెడితే దాన్ని మొదట చూడాల్సింది గ్రామసభ. 2008 నియమాల్లో ఇంకొకటి ఉంది. కాగితాలే కాదు, అర్జీ పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దవాళ్లు చెప్పిన మాటను రాసుకుని దాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చు. అంటే మా అవ్వ లాంటి చదువురాని మనిషి నోటిమాటకి కూడా విలువ ఉంది. కానీ ఆ మాట సభలో బయటికి రావాలి గదా. మా ఆడవాళ్లు సభలో చెట్టు వెనకాల నిలబడతారు, ఇంటికొచ్చినాక పొయ్యి దగ్గర మాట్లాడతారు. అక్కడ మాట్లాడింది ఎవరు రాసుకుంటారు?

అట్లాగని మనకి మాట్లాడటం రాదని కాదు. మా అవ్వ తేనె కొట్టిన సంగతి చెప్తుంటే ఇరవై మంది కదలకుండా వింటారు. "సభాధ్యక్షులకు నమస్కారం" అని మొదలుపెట్టదు. "తాడు మీద మీ తాత సగం దిగినాడు" అని మొదలుపెడుతుంది. కొండ ఎంత ఎత్తో చేత్తో చూపిస్తుంది. ఈగలు లేచిన కాడ గొంతు తగ్గిస్తుంది. పైన తాడు పట్టుకున్న బావమరిది దగ్గరికొచ్చేసరికి కాసేపు ఆగుతుంది. అర్థం కాని పిల్లోడుంటే వాడి వైపు తిరిగి మళ్లీ చెప్తుంది. అక్క చెప్పిన సూత్రాల్లో సగం ఇవే!

ఇంక బట్టీ సంగతి. మొత్తం బట్టీ పడితే ఒక మాట జారినప్పుడు వెనకాల మాటలన్నీ జారిపోతాయి, పూసలదండ తెగినట్టు. దానికి బదులు మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో చెప్పాల్సినవి పలక మీద ఐదు మాటలుగా రాసుకోవాలి. మన పక్కనున్న మార్కాపురం పలకలకే పేరు, వాడుకుందాం. పలక మీద ఎక్కువ పట్టదు, అదే మంచిది. పైగా చేతులు వణికితే కాగితం గలగలలాడి అందరికీ తెలుస్తుంది. పలక అట్లా చప్పుడు చెయ్యదు.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను తీసుకున్నది ఫ్లోరైడ్ నీళ్లు. మన పడమటి ప్రకాశంలో చాలా ఊళ్ల బోరు నీళ్లల్లో ఇది ఎక్కువ. పుస్తకంలో "లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు" అని ఉంటుంది. అట్లాగే చదివితే ఎవరికీ ఎక్కదు. మనం తినే సన్నబియ్యం గింజ ఒకటి సుమారు 11 మిల్లీగ్రాములుంటుంది. 15 లీటర్ల బిందె నీళ్లకి లెక్క వేస్తే 22.5 మిల్లీగ్రాములు. అంటే బిందెడు నీళ్లల్లో రెండు బియ్యపు గింజల బరువు, అంతకు మించకూడదు. రెండు గింజలు అరచేతిలో పెట్టి చూపిస్తే చాలు. తర్వాత పళ్లు ఎందుకు గారపడతాయి, ఎముకలు ఎందుకు వంగుతాయి, కాగబెడితే ఫ్లోరైడ్ ఎందుకు పోదు అన్నది చెప్తే వింటారు. (కాగబెడితే నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది.)

చెప్పేముందు కనీసం మూడుసార్లు గొంతెత్తి చెప్పుకోవాలి. మనసులో చదువుకుంటే లెక్కలోకి రాదు. ఒక స్నేహితురాలిని గ్రౌండు చివర నిలబెట్టి, వినబడకపోతే చెయ్యెత్తమనాలి. గడియారం పెట్టుకోవాలి. ఎడమ పక్క ఒకరిని, మధ్యలో ఒకరిని, కుడి పక్క ఒకరిని ఎంచుకుని వాళ్లకి చెప్పినట్టు చెప్పాలి. ప్రశ్నకి జవాబు తెలియకపోతే "కనుక్కుని చెప్తాను" అనాలి, కనుక్కుని చెప్పాలి కూడా.

మన యాసకి నవ్వుతారని కొందరి భయం. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. తెలుగు పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. జైపాల్ సింగ్ ముండా గారు ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ కెప్టెన్. ఆయన 1946 డిసెంబర్ 19న రాజ్యాంగ సభలో లేచి నిలబడి, తాను అడవి మనిషినని, ఆదివాసీనని గర్వంగా చెప్పుకున్నారు. ఆ సభలోనే తర్వాత సభ్యురాలైన దుర్గాబాయి గారు 1921లో కాకినాడలో గాంధీ గారి మాటల్ని తెలుగులో జనానికి చెప్పినప్పుడు ఆమెకి పన్నెండేళ్లు కూడా నిండలేదు. మన ఏడో తరగతి పిల్లలంత! ఆమె అప్పటికే హిందీ నేర్చుకుని పక్కింటి ఆడవాళ్లకి నేర్పిస్తూ ఉంది, అందుకే భయం లేదు.

వినేవాళ్లకి కూడా ఒక మాట. ఎవరైనా మధ్యలో ఆగిపోతే నవ్వొద్దు, పక్కవాళ్లని గిల్లొద్దు. పలక చూసుకోనివ్వండి.

వార్డెన్ మేడమ్ గారికి మనవి: శనివారం రాత్రి స్టడీ అవర్లో అరగంట మాకు ఇస్తే వారానికి నలుగురు చొప్పున మాట్లాడతాం. ఆరో తరగతి చెల్లెళ్లని కూడా కూర్చోబెట్టండి, వాళ్లకి అర్థమైతే మేము సరిగ్గా చెప్పినట్టు. మొదటి వంతు నేను తీసుకుంటాను. పలక ఉంది, రెండు బియ్యపు గింజలు వంట అక్కని అడుగుతాను.