'సఫర్' అను ఆంగ్ల క్రియ: మూలము, అర్థములు, కాపరి వినియోగము

1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదమును, పాత ఆంగ్ల వ్యాఖ్యానములను చూచి ప్రసంగము సిద్ధపరచుకొను కాపరులకు 'సఫర్' అను క్రియ చిక్కు తెచ్చును. నేటి ఇంగ్లీషులో దీనికి ప్రధానార్థము బాధపడుట. ఆ ఒక్క అర్థముతో మార్కు 10:14 చదివినయెడల యేసు చిన్నబిడ్డల బాధను గూర్చి మాటలాడినట్లు తోచును.

మూలము: లాటిన్‌లో 'సుబ్' అనగా క్రింద, 'ఫెర్రె' అనగా మోయుట. బరువు క్రింద నిలిచి మోయుట మూలార్థము. ఈ పదము ఫ్రెంచి ద్వారా 13వ శతాబ్దములో ఇంగ్లీషులో చేరినది. దీనినుండి మూడు అర్థములు ఏర్పడినవి: బాధపడుట, ఓర్చుకొనుట, అడ్డుచెప్పక అనుమతించుట. మూడవది నేటి వాడుకలో చాలా అరుదు.

బైబిలు వాడుక: ఈ ఒక్క ఆంగ్ల క్రియ వెనుక వేర్వేరు గ్రీకు క్రియలున్నవి.
1. లూకా 22:15లో 'పాస్ఖో', శ్రమపడుట.
2. 1 కొరింథీ 13:4లో 'మక్రోతుమెయో', దీర్ఘకాలము సహించుట.
3. మార్కు 10:14లో 'అఫియేమి', విడిచిపెట్టుట, పోనిచ్చుట. 1 తిమోతి 2:12లో 'ఎపిట్రెపో', అనుమతించుట.

తెలుగులో ఈ చిక్కు లేదు. మార్కు 10:14కు మన బైబిలులో 'రానియ్యుడి' అని స్పష్టముగా ఉన్నది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెలలో గోసపడుట వేరు, ఓర్చుకొనుట వేరు, రానిచ్చుట వేరు. 1912లో డోర్నకల్ తొలి బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్య తమిళుడైనను తెలుగు నేర్చుకొనెను. ప్రజల మాటను ఎరుగుట కాపరి పనిలో భాగమే.

కాపరి వినియోగము: త్రాగివచ్చిన భర్త చేత దెబ్బలు తిన్న సహోదరి మన యొద్దకు వచ్చినప్పుడు 1 పేతురు 2:20 చూపి "ఓర్చుకో అమ్మా" అని పంపివేయుట సులభము. ఆ వచనములో 'పాస్ఖో', 'హుపోమెనో' ఉన్నవి, అనగా శ్రమపడుట, నిలిచి ఓర్చుట. అనుమతించుట అను క్రియ అక్కడ లేదు. మేలు చేసి శ్రమపడు దాసునికి పేతురు ధైర్యము చెప్పెనే గాని, కొట్టువాని చేతికి అనుమతి ఇయ్యలేదు. పైగా 3:7లో భార్యను సన్మానించుమని పురుషునికి ఆజ్ఞాపించెను. ఆమె గోసను విని, 2005 నాటి గృహహింస చట్టము ఇచ్చు రక్షణను తెలిపి, ఆమెకు తోడుగా వెళ్లుట మన బాధ్యత.

బరువు క్రింద ఉన్నవారికి ఇంకను మోయుమని చెప్పకమునుపు, ఆ బరువు ఎవరు మోపిరో అడుగుదము.