తొలి తెలుగు టాకీ: బొంబాయిలో పలికిన మాట

మూకీ చిత్రానికి తనదంటూ ఒక భాష లేదు. దృశ్యాల నడుమ చూపే రాతను మార్చితే చాలు, ఒకే చిత్రం మరాఠీ ఊళ్ళోనూ తెలుగు ఊళ్ళోనూ ఆడేది. చదువురానివారి కోసం హాలులో ఒకరు నిలబడి కథను బిగ్గరగా చెప్పేవారు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాలులో 'ఆలం ఆరా' విడుదలవడంతో ఈ వెసులుబాటుకు కాలం చెల్లింది. తెర మాట్లాడసాగింది, ఏ భాషలో మాట్లాడాలన్న చిక్కు వచ్చిపడింది.

ఆ చిక్కు ఎంతటిదో అదే సంవత్సరం అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన 'కాళిదాస్'లో చూడవచ్చు. దానిని తొలి తమిళ టాకీ అంటారు. కాని అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి మాటలు తమిళం, నాయకుడి మాటలు తెలుగు. నడుమ హిందీ కూడా ఉంది. ఇప్పుడు వింటే నవ్వు రావచ్చు. నాందేడ్ బజారులో మరాఠీలో అడిగి తెలుగులో బదులందుకునే మనకు మాత్రం అంత వింతగా తోచదేమో!

ఆ చిత్ర దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి తరువాత పూర్తిగా తెలుగులో 'భక్త ప్రహ్లాద' తీశారు. అదీ బొంబాయిలోనే. శబ్దగ్రహణ యంత్రాలు అక్కడ ఉన్నాయి. మద్రాసులో ధ్వని సదుపాయం గల స్టూడియో 1934లో గాని రాలేదు. మాట స్పష్టంగా పలికేవారు కావాలి కనుక సురభి వారు మొదలైన నాటక నటులను బొంబాయికి పిలిపించారు. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించారు. పాటలు రాసిన చందాల కేశవదాసు ఖమ్మం ప్రాంతంవారు, అనగా అప్పటి నాందేడ్ వాసుల వలెనే నిజాం రాష్ట్రంవారు.

రంగస్థలంపై చివరి వరుసకు వినిపించేలా గొంతెత్తి, రాగం సాగదీసి పద్యం పాడటం గొప్ప. మైకు ముందు అదే దోషమయింది. అప్పటికి నేపథ్యగానం లేదు. నటులే పాడాలి, వాద్యకారులు కెమెరా కంటబడకుండా దగ్గరలోనే కూర్చోవాలి. మైకుకు దూరమైతే మాట వినబడదు కనుక నటుల కదలిక తగ్గింది. బయటి చప్పుడు మరొక బాధ: స్టూడియో పక్కన రైలు పట్టాలు ఉండటంవల్ల 'ఆలం ఆరా'ను చాలావరకు రాత్రిపూట తీశారు.

'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలాకాలం అనుకున్నాం. సెన్సారు జరిగింది 1932 జనవరి 22న అని, బొంబాయి కృష్ణా హాలులో విడుదలైంది ఫిబ్రవరి 6న అని రెంటాల జయదేవ పరిశోధనలో తేలింది. దీనినిబట్టి చూస్తే, తమిళ చిత్రంగా పేరుపడిన 'కాళిదాస్'లోనే తెలుగు సంభాషణ ముందుగా తెరకెక్కిందనుకోవాలి.

ఎల్.వి. ప్రసాద్ ఈ మూడు చిత్రాలలోనూ చిన్న వేషాలు వేశారు. మూడింటిలో ఒక్కదాని ప్రతి కూడా నేడు లభ్యం కావడం లేదు. ఫొటోలు, పత్రికా ప్రకటనల వంటివే మిగిలాయి.